"మీకెందుకమ్మా" అన్న మాటకి మా ఆరుగురి జవాబు



పోస్టు పొడుగ్గా ఉంటుంది. సగం చదివేసి కామెంట్ పెట్టొద్దని ముందే చెప్తున్నాం, తర్వాత మీ ఇష్టం.

మేం ఆరుగురం. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. అరకు, హుకుంపేట, పెదబయలు, జి.మాడుగుల వైపు ఊళ్ల నుంచి వచ్చాం. మా ఆరిళ్లలోనూ ఇంటర్ దాటి కాలేజీకి వచ్చిన మొదటి మనుషులం మేమే. మా కాలేజీలో వారానికి మూడు రోజులు సాయంత్రం 5 గంటలకి అమ్మాయిలకి ఫిట్‌నెస్ క్లాసు ఉంటుంది. జుంబా అంటారు. ఆరు వారాల కిందట అందులో చేరాం. మొన్న ఆదివారం ఎవరో ఆ క్లాసు ఫొటో ఇక్కడ పెట్టారు, దాని కింద చాలా మాటలు పడ్డాయి. రాసినవాళ్ల పేర్లు ఎత్తం. అందరూ మనవాళ్లే. మాటల్ని మాత్రం వదలం.

"కొండలెక్కి దిగే జాతి మనది, మనకి అద్దాల గదిలో గంతులేటి?" అని ఒక అన్న రాశాడు. ఎక్కువ లైకులు దీనికే పడ్డాయి. సరదాకి రాశాడనీ తెలుసు. కానీ అన్నా, ఈ మాట మాకు కొత్త కాదు. ఈ ఆరు వారాల్లో ఇదే మాట మూడు నోళ్ల నుంచి విన్నాం. క్లాసులో చేరిన రోజు మా సెక్షన్ అమ్మాయి ఒకతి "మీకెందుకే, మీరు పుట్టుకతోనే ఫిట్టు కదా" అంది. హాస్టల్లో పర్మిషన్ అడగడానికి వెళ్తే మేడం గారు "మీకెందుకమ్మా అవన్నీ, మీరు గట్టి పిల్లలు" అన్నారు. ఇప్పుడు మీరు. ఆ అమ్మాయి పొగుడుతున్నట్టు అంది, మేడం గారు ప్రేమగా అన్నారు, మీరు జాతి గర్వంతో అన్నారు. మూడింటికీ అర్థం ఒకటే. ఆ గది మీది కాదు, బయటే ఉండండి.

గట్టోళ్లు అనే ఈ పొగడ్త ఎక్కడెక్కడ వాడుతున్నారో ఒకసారి చూడండి. కాలేజీ ఫంక్షనుకి బల్లలు మొయ్యాలా, హాస్టల్ పిల్లల్ని పిలవండి, గట్టోళ్లు. జ్వరం వచ్చి పడుకుంటే ఒక మాత్ర ఇచ్చి పంపండి, గట్టోళ్లు, తట్టుకుంటారు. ఒక్కో గదిలో ఎనిమిది మందిని పెట్టండి, ఏం కాదు, గట్టోళ్లు. నిండు గర్భిణిని డోలీలో కట్టుకుని కొండ దిగితే పేపర్లో ఫొటో వేస్తారు, రోడ్డు మాత్రం వెయ్యరు. మోసేవాళ్లు గట్టోళ్లు కదా మరి. ఎదుటివాళ్లు మనకి ఏమీ ఇవ్వక్కర్లేకుండా చేసే మాట ఇది. అలాంటి మాటని మనమే మీసం మెలేసి మనవాళ్లకే చెప్పుకుంటున్నాం.

మన అమ్మలు కొండెక్కేది ఫిట్‌నెస్ కోసం కాదు. మాలో ఒకరి అమ్మకి ఇంకా నలభై నిండలేదు. పసుపు మూట, కట్టెల మోపు మోసీ మోసీ మోకాళ్లు పట్టేశాయి. సంత రోజు రాత్రి ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటే గానీ పడుకోలేదు. కూలికోసం పడే కష్టమూ, మనిషి తన ఒంటికోసం చేసే వ్యాయామమూ ఒకటి కాదని ఆరోగ్య పరిశోధకులు కూడా చాన్నాళ్లుగా చెప్తున్నారు. తేడా మనకి పుస్తకం చూడకుండానే తెలుసు. మోపు మోసే మనిషికి ఎప్పుడు ఆగాలో తన చేతిలో ఉండదు. క్లాసులో అలా కాదు. ముందు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కిస్తారు, తర్వాత గుండె వేగం పెంచుతారు, చివర్లో మళ్లీ మెల్లిగా దించి, పిక్కలూ తొడలూ సాగదీయించి పంపిస్తారు. ఆ అమ్మకి ఈ నలభై ఏళ్లలో ఎవరైనా ఒక్కసారి "ఇంక ఆగమ్మా, కాళ్లు చాపుకో, పిక్కలు సాగదియ్యి" అన్నారా?

అయినా కొండలెక్కేది ఎవరన్నా? మనమా? మూడో క్లాసులో ఆశ్రమ పాఠశాలలో వేశారు మమ్మల్ని. అప్పట్నుంచి ఊళ్లో ఉండేది పండక్కి, వేసవి సెలవులకి. మిగతా ఏడాదంతా బెంచీ, మంచం, మెస్సు లైను, ఫోను. పోయిన ఏడాది మొత్తం మీద మేం ఎక్కిన ఎత్తు హాస్టల్ మేడ, అదీ బట్టలు ఆరేయడానికి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిపే పని చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మా క్లాసు 50 నిమిషాలు, వారానికి మూడు రోజులు. సరిగ్గా 150. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, కిందకి మళ్లీ దీనితో పనుంది.

గట్టోళ్లం అనుకుంటూ చూసుకోని ఇంకో సంగతి రక్తం. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సగం కంటే ఎక్కువ. మనకి దానిమీద సికిల్ సెల్ ఒకటి. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది. అది ఎక్కువగా మన ఆదివాసీ ప్రాంతాల కోసమే. మరి మనలో ఎంతమందికి తన రిపోర్టు తెలుసు? మాకు క్లాసులో చేరేదాకా తెలీదు. చేరిన రోజు ఫారంలో "ఏదైనా ఆరోగ్య సమస్య" అని ఒక గడి ఉంది. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఆరుగురం వెళ్లి పరీక్ష చేయించుకున్నాం. ఒకరికి ట్రెయిట్ అని వచ్చింది. అంటే జబ్బు కాదు, జన్యువు ఒక వైపు నుంచి వచ్చిందని అర్థం. డాక్టర్ గారు మానెయ్యమనలేదు. ముందూ మధ్యలో నీళ్లు తాగమన్నారు, ఎండలో ఉక్కలో పంతానికి పోవద్దన్నారు, ఆయాసం ఎక్కువైతే వెంటనే కూర్చోమన్నారు. జబ్బే ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఏ క్లాసుకీ, ఏ పరుగుకీ పోకూడదు. ఒంట్లో నీళ్లు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా ఆ రక్తకణాలు కొడవలిలా వంగి నరాల్లో ఇరుక్కుంటాయి. ఆ నొప్పి ఎలాంటిదో ఇళ్లలో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పుట్టుకతో ఫిట్టు అన్న మాట నమ్ముకుని మొదటి రోజే పందెం వేసి గెంతి ఉంటే ఏమయ్యేదో. కానిస్టేబుల్ ఈవెంట్లకి 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్న తమ్ముళ్లూ, మీరు కూడా ముందు ఆ పరీక్ష చేయించుకోండి. ఇది జుంబా గొడవలో భాగం కాదు, అయినా చెప్తున్నాం.

ఇంకో విషయం అడగాలి. 2025 జూన్ 20న, యోగా దినోత్సవానికి ముందు రోజు, ఇదే విశాఖలో మన ఏజెన్సీ పిల్లలు ఇరవై వేల మందికి పైగా ఒక్కచోట సూర్య నమస్కారాలు చేశారు. రికార్డు కూడా వచ్చింది. మాలో ఇద్దరి చెల్లెళ్లు ఆ గ్రౌండులో ఉన్నారు. ఆ ఫొటోలు మనందరం షేర్ చేశాం. ఆ రోజు ఒక్కరైనా "కొండలెక్కే జాతికి యోగా ఏటి" అన్నారా? అనలేదు. పిలిచినప్పుడు బస్సుల్లో వేల మంది వెళ్తే గర్వం. పిలవకుండా, మా కాళ్ల మీద మేం ఆరుగురం వెళ్తే ఎందుకు అని అడుగుతారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చెప్పండి, వింటాం.

పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు కూడా ఇంతే. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో మాలావత్ పూర్ణ శిఖరం మీద నిలబడితే "రక్తంలోనే ఉంది" అని రాశారు మనవాళ్లు కొందరు. రక్తంలో ఉంటే ముందే ఎవరో ఒకరు ఎక్కేసి ఉండాలి కదా. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్పారు, డార్జిలింగ్ తీసుకెళ్లారు, మంచులో తిప్పారు, కావాల్సింది తినిపించారు. అప్పుడు ఎక్కింది. నేర్పితే వస్తుంది. నేర్పే గదిలోకి వెళ్లాలి.

సరే, ఆ గది సంగతి. భయం వెయ్యలేదని మేం అనం. ఆ తలుపు దాకా వచ్చి వెనక్కి పోయిన హాస్టల్ పిల్లలు మా ముందు బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమైనా లోపల ఏముందో చెప్పాలి.

ఒక గోడ మొత్తం అద్దం. లోపల నలభై మంది దాకా. ముందు వరస అమ్మాయిలు ఒకర్నొకరు ముద్దుపేర్లతో పిలుచుకుంటారు. ఒంటికి అతుక్కున్న ప్యాంట్లు, కింద వెలుగుతున్నట్టుండే బూట్లు, మూతకి గొట్టం ఉన్న నీళ్ల సీసాలు. మేం చుడీదార్లలో వెళ్లి చున్నీలు నడుముకి బిగించాం. ఇద్దరికే బూట్లున్నాయి, నలుగురివి ఉత్త కాళ్లు. అన్నిటికన్నా భయపెట్టింది బూట్లు కాదు, అద్దం. మన ఇళ్లలో అద్దం అంటే అరచెయ్యంత, గూట్లో ఉంటుంది, బొట్టు పెట్టుకోవడానికి మొహం మటుకు కనిపిస్తుంది. తల నుంచి కాళ్ల దాకా మా మనుషుల్ని మేం ఒకేసారి అంతసేపు చూసుకోవడం మాకు అదే మొదలు. మొదటి పది నిమిషాలు ఆరుగురం నేల చూపులే. పాట మొదలయ్యింది. అందరూ కుడికి పోతే మేం ఎడమకి. అందరూ చప్పట్లు కొట్టేశాక మా చప్పుడు విడిగా వినిపించింది. ఎవరూ నవ్వలేదని అబద్ధం చెప్పం. ఇద్దరు నవ్వారు. మూడో వారం నుంచి ఆ ఇద్దరూ రావడం మానేశారు, ఎందుకో తెలీదు, మాకు మాత్రం పండగే.

అయితే ముందు ఎవరూ మాకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ క్లాసులో మాటలుండవు. పాట అంత గట్టిగా ఉంటుంది కాబట్టి నేర్పే మేడం నోటితో చెప్పరు, చేత్తో చూపిస్తారు. ఏ పక్కకి పోవాలో వేలితో, ఇంకా ఎన్నిసార్లో వేళ్లతో. సెమినార్ హాల్లో ఇంగ్లీషుకి భయపడి చివరి బెంచీలో తల దించుకుని కూర్చునేవాళ్లం మనం. కాలేజీ మొత్తంలో ఇంగ్లీషు అక్కర్లేని గది ఏదైనా ఉందంటే ఇదే. ఆ భయం చూసే మనం మానేస్తున్నాం!

రెండోది, వెనక వరస. మేం చివరి వరసలో గోడకి ఆనుకుని నిలబడ్డాం, ఎవరికీ కనిపించకుండా. నాలుగో పాటలో అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగే స్టెప్పు ఉంది. అది మాకేం తెలుసు. నలభై మందీ గిర్రున మా వైపు తిరిగారు. ముందు వరస మేమే అయిపోయాం. చూసి చెయ్యడానికి ముందు ఎవరూ లేరు. ఏదో ఒకటి చేసేశాం. చూస్తే మా వెనక ముగ్గురు మమ్మల్ని చూసి అదే తప్పు స్టెప్పు వేస్తున్నారు. అంటే వాళ్లకీ రాదన్నమాట! ఇన్నాళ్లూ అందరికీ వచ్చు, మాకే రాదు అనుకుంటూ ఉన్నాం.

తర్వాతది మామూలే. రెండు వారాలు పిక్కలు లాగాయి. మూడో వారం నుంచి మూడో అంతస్తు క్లాసుకి ఆగకుండా ఎక్కుతున్నాం. రాత్రి త్వరగా నిద్ర పడుతోంది. మూడు నాలుగొందలు పెట్టి నలుగురం కాన్వాసు బూట్లు కొనుక్కున్నాం, ఒక నెల సినిమా మానేసి. బట్టల గురించి అడిగినవాళ్లకి: చుడీదారుతోనే చేస్తున్నాం, ఎవరూ ఏమీ అనలేదు. ఫీజు గురించి అడిగినవాళ్లకి: విడిగా ఫీజు లేదు. కాలేజీ ఫీజు కాగితంలో గేమ్స్ ఫీజు అని ఒక లైను ఉంది, చూసుకోండి. రీయింబర్స్‌మెంట్ కింద వచ్చినా అది మన పేరు మీద కట్టిందే. మూడేళ్లు కట్టి ఒక్కరోజు కూడా ఆ హాలు చూడకుండా వెళ్లిపోయిన అక్కలు ఎంతమందో.

ఇక ఒక అక్క మాట. "ధింసా మరిచిపోయి ఇంగ్లీషోళ్ల డాన్స్ నేర్చుకుంటున్నారు." దీని దగ్గర మేం రెండు రోజులు ఆగాం. మిగతావాటికి కోపం వచ్చింది గానీ దీనికి బాధ వేసింది.

అక్కా, ముందు చిన్న సంగతి. జుంబా ఇంగ్లీషోళ్లది కాదు. కొలంబియాలో కాలి అనే ఊళ్లో 1990లలో మొదలైంది. బేటో పెరెజ్ అనే ఆయన ఏరోబిక్స్ నేర్పేవాడు. ఒకరోజు క్లాసు పాటల క్యాసెట్టు మర్చిపోయి, సంచిలో ఉన్న తన సొంత సాల్సా, మెరెంగే పాటలు పెట్టి నడిపించాడట. అదే జుంబా అయ్యింది. అందులో కుంబియా అని ఒక తాళం ఉంటుంది. అది ఆ దేశపు ఆదివాసుల పిల్లనగ్రోవులూ, బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికా వాళ్ల డోళ్లూ కలిసి పుట్టింది, స్పెయిన్ వాళ్ల పాట తర్వాత అందులో కలిసింది. ఇది చదివిన రోజు మేం ఆరుగురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఇంగ్లీషోళ్లదని మనం దూరం పెట్టినదాంట్లో వినిపిస్తున్నది వేరే కొండల మీది ఆదివాసుల ఊపిరి. దాన్ని ఇప్పుడు కంపెనీ పేరు పెట్టి అమ్ముతున్నారు, అదీ నిజమే. అమ్ముతున్నారు కాబట్టి మనం ముట్టుకోకూడదంటే, అరకు కాఫీ కూడా మనం తాగకూడదు.

జైపాల్ సింగ్ ముండా పేరు ఈ గ్రూపులో ఏటా గుర్తు చేసుకుంటాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశం హాకీ బంగారు పతకం గెలిచినప్పుడు జట్టు కెప్టెన్ ఆయన. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ఆ రోజుల్లో హాకీ కంటే ఇంగ్లీషోళ్ల ఆట ఇంకేముంది? ఆడినందుకు ముండా కాకుండా పోయాడా? తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున లేచి నిలబడి మాట్లాడింది ఆయనే.

ఇప్పుడు అసలు ధింసా. ఛైత్రంలో ఇటుకల పండక్కి ఊళ్లో ధింసా కడితే ఎలా ఉంటుందో మీకు మేం చెప్పాలా. మోరి, తుడుము మోగుతుంటే ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని గుండ్రంగా తిరుగుతారు. గొడ్డి బేటలో వంగి లేస్తారు, పొతర్‌తోలలో ఆకు కోస్తారు. అవ్వ ఉంటుంది, పక్కనే పదేళ్ల గుంట ఉంటుంది. అక్కడ చూసేవాళ్లంటూ ఎవరూ ఉండరు. కలిసినవాళ్లూ, ఇంకా కలవనివాళ్లూ, అంతే.

మరి ఇక్కడ? ఏడాదికి రెండు మూడు సార్లు మమ్మల్ని పిలుస్తారు. ఆగస్టు 9న ఒకసారి, కాలేజీ డేకి ఒకసారి, ఎవరైనా పెద్దమనిషి వస్తే ఇంకోసారి. చీరలు వాళ్లే తెస్తారు. ఆరు నిమిషాలు. మొహాలు ముందుకే ఉండాలి, వీపు చూపించకూడదు, నవ్వుతుండాలి. గుండ్రంగా తిరిగే ధింసాని వరసలో నిలబెట్టింది జుంబా కాదక్కా. పోయిన ఏడాది నెమలీకల టోపీలు కూడా తెచ్చారు. అది ఆదిలాబాద్ గోండులది, గుస్సాడీ, మాది కాదు సార్ అంటే "అన్నీ ఒకటే కదమ్మా" అన్నారు. ఆ గుస్సాడీకే 2021లో కనకరాజు గారికి పద్మశ్రీ ఇచ్చారు. అయినా ఏది ఎవరిదో తెలుసుకునే ఓపిక లేదు. ధింసా ఎక్కడ సన్నబడుతోందో చూడాలంటే ఆ స్టేజీ వైపు చూడండి. మా బూట్ల వైపు కాదు.

ఇంకో మాట. క్లాసు మేడం మూడు వారాల కిందట "ఒక శనివారం మీ డాన్స్ మాకు నేర్పండి" అని అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. మేం ఆలోచించి చెప్పాం: నేర్పుతాం, కానీ అద్దానికి పరదా వెయ్యాలి, ముందు వరస వెనక వరస ఉండకూడదు, అందరూ ఒకరి వీపు వెనక ఒకరు చెయ్యి వేసి పట్టుకోవాలి, వీడియో తియ్యకూడదు. ఇంకా జవాబు రాలేదు. పెద్ద హాలు కావాలట, చూస్తున్నారట. ఒప్పుకోకపోతే నేర్పం. మా వైపు మాట ఇది. ధింసా మరిచిపోయినవాళ్లు ఇలా బేరం ఆడతారా?

చివరిది, అసలు మేం ఈ పోస్టు రాయడానికి కారణం. "సాయంత్రం పూట ఆడపిల్లలు హాస్టల్లో ఉండకుండా ఏటిది" అని ఇద్దరు ముగ్గురు రాశారు. తమ్ముడూ, మీరు పొద్దున్న నాలుగున్నరకి గ్రౌండుకి పోతారు, రాత్రి ఎనిమిదికి వస్తారు. ఎవరైనా అడిగారా? పోలీసు ఈవెంట్లకి అంటే అందరూ సరే అంటారు. ఆ ఈవెంట్లు ఆడపిల్లలకీ ఉన్నాయి. మాలో ఇద్దరు అప్లై చేస్తారు. వాళ్లు పరిగెత్తడం ఎక్కడ మొదలుపెట్టాలి, హాస్టల్ వరండాలోనా?

మా హాస్టల్లో సాయంత్రం అటెండెన్స్ 5:30కి. క్లాసు 5 నుంచి 5:50 దాకా. నడక పదిహేను నిమిషాలు. అంటే అటెండెన్స్ అందుకోవాలంటే 5:15కి మధ్యలో బయటికి రావాలి. వారానికి 150 నిమిషాలు అన్నాం కదా, అలా వచ్చేస్తే మాకు మిగిలేది 45. పూర్తిగా చేస్తే ఆబ్సెంట్ పడుతుంది. ఈ నెల ఇప్పటికి ఒక్కొక్కరికి ఏడు పడ్డాయి. పది అయితే ఇంటికి ఫోన్ చేస్తామన్నారు.

ఆ ఫోన్ అంటే ఏమిటో మీకు తెలుసు. "మీ అమ్మాయి సాయంత్రాలు హాస్టల్లో ఉండట్లేదు" అనే ఒక్క ముక్క చాలు. ఎక్కడుందో, ఏం చేస్తుందో ఫోన్లో ఎవరూ చెప్పరు, చెప్పినా "జుంబా" అనే మాటకి మా నాన్నలకి ఏం అర్థమవుతుంది? మాలో ఇద్దరి నాన్నలు మర్నాడు మొదటి బస్సుకి వచ్చి పెట్టె సర్దించేస్తారు. ఆపైన పెళ్లి మాటలు. డిగ్రీ మూడో ఏడు మధ్యలో. మీకు ఇది ఒక ఫొటో, నాలుగు నవ్వు బొమ్మలు. ఆ కామెంట్ల స్క్రీన్‌షాట్ హుకుంపేట వైపు ఒక ఊరికి అప్పుడే చేరిపోయింది. ఒక అన్న ఇంట్లో అడిగేశాడు కూడా, "ఆ గంతులేటే గుంటా" అని. మన గ్రూపు నుంచే వెళ్లింది. హాస్టల్ చెయ్యకముందే మనవాళ్లే ఆ ఫోన్ చేసేశారు.

కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాం. అడ్మిన్ అన్నలు ఆ ఫొటో కింద ఆడపిల్లల మీద రాసిన మాటలు తీసెయ్యాలి. ఫొటో ఉంచండి, అందులో మాకు సిగ్గుపడేది ఏమీ లేదు. బాయ్స్ హాస్టల్ తమ్ముళ్లు, మీ వార్డెన్ సార్ మీ గ్రౌండు టైముకి ఎలా ఒప్పుకున్నారో ఆ కాగితం ఉంటే కాపీ ఇవ్వండి, మా మేడం గారికి చూపిస్తాం. ఊళ్లో ఉన్న అక్కలు, మా ఇళ్లకి దగ్గర్లో ఉన్నవాళ్లు, ఒకసారి వెళ్లి మా అమ్మలకి ఇదేంటో మీ నోటితో, కువిలో గానీ ఒడియాలో గానీ చెప్పండి. ఫోన్లో మేం చెప్తే సగమే వినిపిస్తోంది, సిగ్నల్ అలాంటిది.

అటెండెన్స్ 6:30కి మార్చమని మేడం గారికి లెటర్ రాశాం. క్లాసుకి వచ్చేవాళ్ల పేర్లు పీడీ మేడం సంతకంతో పంపిస్తామని కూడా అందులో ఉంది. నిన్న రాత్రికి 31 సంతకాలు అయ్యాయి. అందులో క్లాసుకి రానివాళ్లే ఎక్కువ, కంప్యూటర్ కోచింగుకి పోయేవాళ్లూ, సాయంత్రం ట్యూషన్ చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. 5:30 వాళ్లకీ అడ్డమే. లెటర్ 14వ రూంలో ఉంది, శుక్రవారం ఇస్తాం. మా హాస్టల్ అక్కలు, చెల్లెళ్లు అంతలోపు వచ్చి చదివి సంతకం పెట్టండి. సోమవారం క్లాసుకి రావాలనుకున్నవాళ్లు నీళ్ల సీసా తెచ్చుకోండి, మధ్యాహ్నం భోజనం మానేసి రావద్దు. వెనక వరసలో చోటుంది.

— ఆరుగురం, గర్ల్స్ హాస్టల్, విశాఖ